మచ్చలేని ముక్క

ముందుగాల నా తప్పు చెప్త, తర్వాత మా ఆయన తప్పు చెప్త. ఆయనది ఒక్కటే రాసి నేను మంచిదాన్నయితే మా బిడ్డ కావ్య ఊకోదు. ఆమెనే ఈ నోటుబుక్కు తెచ్చి నా ముంగట పడేసింది. "మమ్మీ, కనిపించినోళ్లకల్లా కూసొని చెప్తున్నవ్ గదా, అదే రాయి. మన గల్లీ ఆడోళ్లకు పనికి వస్తది" అన్నది. పదో తరగతి దాక తెలుగు మీడియంల చదివిన. ఇరవై రెండేండ్ల సంది సూరత్‌ల ఉన్నా అచ్చరాలు మరువలే. మాట్లాడినట్టే రాస్త, తప్పులుంటే మీరే సదురుకోండ్రి.

నా పేరు విజయ. మాది జగిత్యాల దిక్కు. పెండ్లయిన ఏడే మా ఆయన ఎనక సూరత్‌ల ఈ డిండోలికి వచ్చిన. మా ఆయన పేరు రాజేశం. ఆయన నన్ను పేరు వెట్టి పిలువడు. ఇంట్ల 'ఏమే' అంటడు, బయటోళ్ల ముంగట 'మా ఇంటామె' అంటడు. మొదట్ల జాకార్డు మగ్గాలు నడిపిండు. కండ్లు మంచిగున్నయని సేటు బట్ట చూసే పనికి మార్చిండు. బట్ట తాను మొత్తం లైటు మీదికెల్లి గుంజుకుంట, ఏడ దారం తెగింది, ఏడ నూనె మరక పడ్డది చూసుడే పని. మార్కెట్‌కు శాంపిల్ పోవాల్నంటే ముక్క కోసేది కూడా ఆయననే. తానంతా ఎతికి ఎతికి ఒక్క మచ్చ లేని జాగ చూసి అక్కడ కత్తెర పెడ్తడు. 'నేను కోసిన ముక్క ఏ వ్యాపారీ ఎనుకకు పంపలే' అని మీసం మీద చెయ్యేసుకుంటడు. ఈ సంగతి జర యాదికి ఉంచుకోండ్రి.

నేను ఇంట్లనే కూసొని చీరెలకు లేసు కుడత, రాళ్లు అతికిస్త.

2020, దీపావళి ముంగట

కరోనా మొదటిసారి వచ్చిపోయింది. మగ్గాలు బందువడి, ఊర్లకు పోయినోళ్లు ఒక్కొక్కలు మల్ల వస్తున్నరు. మాకు అప్పుడప్పుడే పని మొదలైంది. తానం చేస్తుంటే ఎడమ రొమ్ముకు పక్కన చేతికి గట్టిగ తాకింది. రేగుపండంత ఉండె. ఒత్తి చూసిన, నొప్పి లేదు. నొప్పి లేకపాయె, ఇదేం రోగం అనుకున్న. అక్కచెల్లెండ్లారా, నేను చేసిన మొదటి తప్పు అదే. నొప్పి పుడితేనన్న ఉరుకుతుంటి.

నొప్పి లేదని మొదటి వారం అనుకున్న. రెండో వారం సంది అబద్ధం చెప్పుకున్న. లోపల తెలుస్తనే ఉండె. దవాఖానకు పోతే కరోనా అంటుకుంటదని భయం. మగ డాక్టర్ ఉంటే ఎట్ల చూపియ్యాలె అని సిగ్గు. దీపావళికి చీరెల పని మస్తుగ వచ్చింది, అది ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె అని ఇంకో సాకు. సాకులకేం కరువా! చీరె మడత పెట్టేటప్పుడు మచ్చ ఉన్న దిక్కు లోపలికి మడిచి పైకి మంచి దిక్కు కనవడేటట్టు పెడ్తం గదా, నన్ను నేను అట్లనే మడతపెట్టుకున్న. మూడు నెలలు.

కావ్యనే పట్టుకున్నది. మూటలు ఎత్తేటప్పుడు ఎడమ చెయ్యి వాడుతలేనని చూసింది. కాలేజీ బందుండి క్లాసులన్నీ ఫోన్‌లనే నడుస్తుండె గదా, పొద్దంత ఇంట్లనే ఉండి నన్నే చూసేది. ఒకనాడు అన్నం తింటుంటే పళ్లెం పక్కకు పెట్టి, "మమ్మీ, సచ్ బోల్, నిజం చెప్పు. ఏమైంది నీకు?" అన్నది. ఏం లేదే అన్న. ఆమె ఊకోలే. "నా మీద ఒట్టు" అని నా చెయ్యి తీసి ఆమె నెత్తి మీద పెట్టుకున్నది. ఇగ అబద్ధమాడే దారి లేకపాయె. ఏడ్చుకుంట చెప్పిన.

2021, ఫిబ్రవరి

సూది పెట్టి గడ్డలకెల్లి జరంత తీసిన్రు, పటాలు తీసిన్రు. కూసునుడు, ఎదురుచూసుడు, మల్ల కూసునుడు. బెంచీల మీద ఒకటి ఇడిసి ఒకటి కూసోవాల్నని ఎర్ర రంగుతోని ఇంటూ గుర్తులు కొట్టిన్రు. మొగుడు ఒక దిక్కు, పెండ్లాం ఒక దిక్కు. మాస్కులు వేసుకొని కండ్లే కనవడుతుండె. కండ్లను చూస్తే ఎవ్వలకు ఎంత భయం ఉన్నదో తెలుస్తదని నాకు ఆ బెంచి మీదనే తెల్సింది. మా ఆయన కండ్లు అటు ఇటు తిరిగేటియి, నా దిక్కు మాత్రం రాకపోయేటియి.

రిపోర్టు వచ్చింది. డాక్టర్ ఆడామెనే, మంచి గుజరాతీ మనిషి. అందరూ డాక్టర్ బెన్, అంటే డాక్టరక్క, అంటరు. నన్ను విజయాబెన్ అని పిలిచి, చెయ్యి పట్టుకొని క్యాన్సర్ అని చెప్పింది. చిన్నగున్నప్పుడే వచ్చినవ్ అన్నది. ఇంకో మూడు నెలల ముంగట రావాల్సి ఉండె అని నేను మనసుల అనుకున్న, నోటితోని అనలే.

అప్పటిసంది మా ఆయన ఆ మాట పలుకలే. ఊరికి ఫోన్ చేసి మా అత్తమ్మకు "నడుం నొప్పి, చూపిస్తున్నం" అని చెప్పిండు. కార్ఖానల "గ్యాస్ సంగతి" అన్నడు. ఇంట్ల నాతోని మాట్లాడినా 'అది' అంటడు. అది తగ్గుతది, అది తీసేస్తరు. ఒకనాడు నాకు మండింది. "ఏందయ్యా అది అది అని! పేరు లేదా దానికి? నాకు వచ్చిందా లేకుంటే పక్కింటోళ్లకు వచ్చిందా?" అని గట్టిగనే అన్న. ఆయన చెప్పులేసుకొని బయటికి పోయిండు. చీకటి పడే యాళ్లకు వచ్చి చాయ్ పెట్టి నా ముంగట పెట్టిండు. పేరు మాత్రం ఎత్తలే.

మార్చి

ఆపరేషన్ అయింది. గడ్డ తీసిన్రు, సంక కాడికి పాకలేదని చెప్పిన్రు. మా పక్కింటి మరాఠీ ఆమె సునందా తాయి పది రోజులు నన్ను పొయ్యి కాడికి పోనియ్యలే. జొన్న భాకరీ రొట్టెలు, పల్లీల చట్నీ గిన్నెల పెట్టి మా గడప మీద ఉంచి, తలుపు కొట్టి, నాలుగడుగులు ఎనుకకు జరిగి నిలవడేది. నేను తీస్కునేదాక చూసి పోయేది. కరోనా కాలం గదా, దగ్గరికి రాకుంటనే మనిషికి ఎంత చెయ్యొచ్చో అంత చేసింది. ఆమె రుణం నేను తీర్చలేను.

కుట్లు ఇప్పే నాడు డాక్టర్ బెన్ మమ్మల్ని కూసోవెట్టి చెప్పింది. ఇప్పుడు ఒక సవాల్ ఉన్నది, కీమో ఇయ్యాల్నా వద్దా. రోజుకో గోలి ఎట్లయినా మింగాలె, అది ఈరోజే మొదలుపెడ్తం. కానీ కీమో అవసరమా కాదా అనేది నీ గడ్డను పైపైన చూస్తే చెప్పరాదు. ఇస్తే ఒంట్ల తాకత్ పోతది, బయట కరోనా మల్ల లేస్తున్నది. ఇయ్యకుంటే, అవసరమున్నదని తర్వాత తెలిస్తే, అప్పుడు ఏం చేసేటట్టు లేదు.

"మరి ఎట్ల తెలుస్తది?" అని కావ్య అడిగింది.

"ఒక పరీక్ష ఉన్నది. వేరే ఊర్ల ఒక పరిశోధన సంస్థ మీ అసొంటి ఆడోళ్ల గడ్డల మీద పని చేస్తున్నది. వాళ్లకు ముక్క పంపితే వాళ్ల పరిశోధనకు పనికొస్తది, మనకు కూడా రిపోర్టు ఇస్తరు. జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటరు" అన్నది డాక్టర్ బెన్. మా మొకాలు చూసి మల్ల నెమ్మదిగ చెప్పింది. "చూడు విజయాబెన్, మన ఒంట్ల ఏడ చూసినా అవే జీన్లు ఉంటయి. కంట్ల ఉన్నయే కాలి గోట్ల ఉంటయి. కానీ అన్నీ ఒక్కతీరు పని చెయ్యయి. కొన్ని లేచి ఉంటయి, కొన్ని పండుకొని ఉంటయి. నీ గడ్డల ఏవి లేచినయి, ఎంత జోరు మీద ఉన్నయి అనేది వాళ్లు కొలుస్తరు. జోరు మీదుంటే రోగం మల్ల వచ్చే భయం ఉన్నట్టు, కీమో ఇస్తం. సల్లగ ఉంటే గోలీలతోనే పోదాం."

నాకు సగం సమజైంది. మా ఆయన మాత్రం అప్పటిదాక నేల దిక్కు చూస్తున్నోడు తల ఎత్తిండు. "జాకార్డు లెక్కనా మేడమ్?" అన్నడు.

ఆమెకు తెల్వలే. ఏంది అది అన్నది. ఈయనకు ఇగ ఊపు వచ్చింది. "మగ్గం మీద పడుగు దారాలు అన్నీ ఉంటయి. అంచుకైనా, బుట్టాకైనా అవే దారాలు. పైన బొక్కలు కొట్టిన అట్ట ఏ దారాన్ని లేపుతది, ఏ దారాన్ని పండవెడ్తది, దాన్నిబట్టి డిజైన్ పడ్తది. దారాలు లెక్కవెడితే ఏం తెల్వది. ఏవి లేస్తున్నయో చూడాలె. గంతేనా?"

డాక్టర్ బెన్ చేతిల పెన్ను కింద పెట్టింది. "రాజేశంభాయ్, నేను పదిసార్లు చెప్పినా మా కాడ చదివే పిల్లలకు ఇంత సాఫ్‌గ చెప్పలేను" అన్నది. ఆయన సిగ్గువడి మాస్కు పైకి గుంజుకున్నడు. దవాఖానల ఆయన మొకంల ఎలుగు వచ్చుడు నేను చూసింది గప్పుడే.

ఏప్రిల్

ఇగ ఏప్రిల్ ఎట్లున్నదో మీకు నేను చెప్పాల్నా! దవాఖాన ముంగట డేరాలు, అంబులెన్సుల మోత, గేటు కాడ బారులు. నన్ను రావద్దన్నరు. కోసి తీసిన గడ్డను చిన్న చిన్న ముక్కలు చేసి మైనంల పెట్టి దవాఖాన ల్యాబుల దాచిపెడ్తరట. అండ్లకెల్లి ఒక ముక్క తెచ్చి డాక్టర్ బెన్ ఆఫీసుల ఇయ్యాలె, వాళ్లు ప్యాకు చేసి పంపుతరు. చీటీ రాసిచ్చిన్రు, మా ఆయన తీస్కొని పోయిండు.

ల్యాబుల సగం మంది కరోనాతోని ఇంట్ల పడ్డరు. కిటికీ కాడ ఒక ముసలి కాకా ఒక్కడే అన్ని పనులు చూస్తుండె. చీటీ మీద ఏ నంబర్ ముక్క అని రాసి లేదు. కాకా ఎనుకకు పోయి ఒక చిన్న డబ్బా తెచ్చి కిటికీల పెట్టిండు. నాలుగు మైనం బిళ్లలు. అగ్గిపెట్టెకు జర చిన్నగ ఉంటయి. ఎనక వంద మంది ఉన్నరు, జల్దీ ఒకటి తీస్కో అన్నడట.

మా ఆయన నాలుగూ తీసి ఎలుతురు దిక్కు పెట్టి చూసిండు. ఇరవై ఏండ్ల అలవాటు, ఏడికి పోతది! ఒకటి మధ్యల కోసి కోసి గుంట పడ్డది, పక్కన నల్ల సిరా మరక ఉన్నది. ఇంకొకటి పగిలినట్టు ఉన్నది. మూడోది ఒక మూలకు ఎర్రగ ఉన్నది. నాలుగోది సాఫ్, తెల్లగ, ఒక్క గీత లేదు. నాలుగోది తీస్కపోయి ఇచ్చిండు.

ఇంటికొచ్చి చేతులకు, ఫోన్‌కు, తాళం చెవులకు శానిటైజర్ కొట్టుకొని, తానం చేసి, అప్పుడు చెప్పిండు. "మంచి ముక్క చూసి ఇచ్చిన. కోసి ఖరాబ్ చేసినవి ఉండె, నేను తీస్కోలే. పెద్ద పెద్దోళ్ల కాడికి పోతున్నది, మనది అని చూపించేటట్టు ఉండాలె గదా."

నేనేమన్ననో ఎరుకేనా? "మంచి పని చేసినవ్" అన్న. నా నోటితోని నేనే అన్న. నా ఒంట్లకెల్లి తీసిన రోగపు ముక్క వేరే ఊరికి పోతుంటే, అది కూడా సక్కగ కనవడాలె అని నాకు కూడా అనిపించింది. ఇద్దరం ఒక్క తీరే ఆలోచించినం. తానుల ఏ జాగ చూపియ్యాలె, ఏ జాగ దాచాలె అనేదే మా బతుకంత నేర్చుకున్నం మరి.

ఎదురుచూసుడు మొదలైంది. సందుల రెండు ఇండ్లల్ల మనుషులు పోయిన్రు. మూడో ఇంటి ఒడియా ఆయనను తీస్కపోయిన్రు, మల్ల తేలే. పొద్దున లేచి ముందుగాల దగ్గు వస్తున్నదా చూసుకునేది, తర్వాత రొమ్ము కాడ చెయ్యి పెట్టి చూసుకునేది. ఏది ముందు వస్తదో అని భయం. గోలి మింగి, లేసు పట్టుకొని కూసుంటే సూదిల దారం ఎక్కకపోయేది. కావ్య దారం ఎక్కిచ్చి ఇచ్చేది.

మే

డాక్టర్ బెన్ రమ్మన్నదని ఫోన్ వచ్చింది. ముగ్గురం పోయినం. ఆమె రిపోర్టు కాయితం ముంగట పెట్టుకొని, "వాళ్లు రాసిన్రు, పంపిన ముక్కల రోగం లేదని" అన్నది.

మా ఆయన కుర్చీలకెల్లి లేచిండు. రెండు చేతులు జోడిచ్చిండు. "మేడమ్, మీ దయ" అన్నడు. నేను మాస్కుల ఏడుస్తున్న. రోగం లేదట! కొండగట్టు అంజన్నకు మనసులనే మొక్కుకున్న. ఒక్క నిమిషం, అంత సంతోషం నా పెండ్లప్పుడు కూడా లేకుండె.

డాక్టర్ బెన్ చెయ్యి అడ్డం పెట్టింది. "కాదు భాయ్, కూసో. కూసో. ముక్కల రోగం లేదంటే, పరీక్ష కాలేదని అర్థం. గడ్డ చుట్టూ ఉన్న మంచి కండ ముక్క పోయింది. గడ్డ ఉన్న ముక్క పోలేదు. మంచిదాన్ని కొలిస్తే రోగం సంగతి ఏం తెలుస్తది? ఎవరు తీసిచ్చిన్రు?"

ఆయన నిలవడ్డోడు నిలవడ్డట్టే ఉన్నడు. జోడిచ్చిన చేతులు ఇంకా ఇప్పలే. "నేనే ఇచ్చిన" అన్నడు. "మచ్చలేనిది చూసి ఇచ్చిన. గుంట పడ్డది, సిరా మరక ఉన్నది ఇడిసిపెట్టిన."

ఆమె తిట్టలే. "ఆ గుంట పడ్డదే అసలుది రాజేశంభాయ్. అండ్లనే గడ్డ ఉన్నది గాబట్టి రోగం చూసెతందుకు దాన్నే మల్ల మల్ల కోసిన్రు. తప్పు మాది, చీటీ మీద నంబర్ రాయలే" అన్నది. కానీ ఆమె క్యాలెండర్ దిక్కు చూసుడు నేను చూసిన. ఆపరేషన్ అయి రెండు నెలలు కావస్తున్నది. కీమో ఇయ్యాల్నంటే ఇంకెన్నో రోజులు ఆగరాదు. అది ఆమె చెప్పకున్నా మాకు సమజైంది.

ఇంటికొచ్చినంక ఆయన అన్నం ముట్టలే. గోడకు ఒరిగి కూసున్నడు. "నిన్ను నేనే ఖరాబ్ చేసిన" అన్నడు. "ముప్పై రోజులు పోయినయి. ఆ ముప్పై రోజులల్ల అది ఏం చేస్తున్నదో ఒంట్ల." ఇంత పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చిండు. కావ్య లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకున్నది.

నాకు కోపం రావాల్సి ఉండె. వచ్చింది కూడా. అబద్ధమెందుకు, నాలుగు మాటలు అన్న. "మనిషి రోగం కూడా నీకు శాంపిల్ ముక్కనేనా? మార్కెట్‌ల చూపిస్తున్నవా నన్ను?" అన్న. ఆయన తల ఎత్తలే. అప్పుడు నాకు నా మూడు నెలలు యాదికొచ్చినయి. అప్పటిదాక ఆయనకు చెప్పలే. కావ్య కూడా చెప్పలే, నా మీద ఒట్టేయించుకున్న. ఆయన పక్కన కూసొని చెప్పిన. "నువ్వు ముప్పై రోజులు అంటున్నవ్. నేను దీపావళి ముంగట్నే చూసుకున్న. తొంభై రోజులు లోపలికి మడతవెట్టి దాచిన. తిడితే ఇద్దరినీ కలిపి తిట్టు."

ఆయన నా మొకం దిక్కు చూసిండు. తర్వాత లేచి, చల్లగైన అన్నం మల్ల ఎచ్చవెట్టి రెండు పళ్లేలల్ల పెట్టుకొచ్చిండు. ఇద్దరం తిన్నం.

మర్నాడు గుంట పడ్డ ముక్క పోయింది. ఈసారి నంబర్ డాక్టర్ బెన్ తన చేత్తోనే రాసింది.

జూన్ సంది సెప్టెంబర్ దాక

మంచి రిపోర్టు వస్తదని మీరు అనుకుంటుంటే, నేను కూడా అట్లనే అనుకున్న. రాలే. జీన్లు జోరు మీదనే ఉన్నయి. "కీమో ఇయ్యాలె" అన్నది డాక్టర్ బెన్. ఇంకో మాట కూడా చెప్పింది. "ఈ పరీక్ష లేకుంటే, ఈ కరోనా భయానికి, గోలీలు చాలని నిన్ను పంపించేదాన్ని." ఆ మాట నేను పట్టుకున్న. లోపల ఏం నడుస్తున్నదో తెల్వకుండ బతికేకంటే, తెల్సి భయపడుడే నయం.

నాలుగుసార్లు ఇచ్చిన్రు. మందు పేర్లు నేను రాయను, నాకు పలుకరావు కూడా. ఒంటికి ఎట్లున్నదో అది చెప్త. ఎక్కించిన రోజు ఏం గాదు. మూడోనాడు సంది నోట్ల ఇనుము రుచి. నీళ్లు కూడా తుప్పు వట్టినట్టు ఉంటయి. చింతపండు పచ్చిపులుసు ఒక్కటే నాలుకకు ఎక్కేది. దాన్నే తాగి బతికిన అనుకోండ్రి. కాళ్ల గోర్లు నల్లవడ్డయి. పక్క మీదికెల్లి లేచి బాత్రూం దాక పోవుడంటే డిండోలికెల్లి ఉధ్నా స్టేషన్ దాక నడిచినట్టు ఉండేది.

రెండోసారికి ఎంట్రుకలు కుచ్చులు కుచ్చులు ఊడొచ్చినయి. ఉన్నయి గూడ తీసెయ్యమని కావ్యకు చెప్పిన. ఆమె వాళ్ల బాపు గడ్డం గీసుకునే మిషన్ తెచ్చి తీసింది. "మమ్మీ, ఏకదమ్ హీరోయిన్ లెక్కున్నవ్" అని నవ్విపిచ్చి, బాల్కనీలకు పోయి ఏడ్చొచ్చింది. కండ్లు చూస్తే తెల్వదా!

నెత్తికి కట్టుకుందామంటే సూరత్‌ల అంతా పాలిస్టరే నాయె. ఇంట్ల ఇన్ని చీరెలు, ఇన్ని ముక్కలు, ఏది కట్టినా నెత్తి మండుడు, గుచ్చుడు. మా ఆయన పెట్టె అడుగునకెల్లి పెండ్లప్పటి నూలు ధోతి తీసిండు. పడుగు పేక చూసి, అంచు చెడకుండ నాలుగు ముక్కలు చేసిండు. ఒక ముక్క మీద పసుపు మరక ఉన్నది. "అది వద్దా?" అని అడిగిన, ఆయనను ఎక్కిరిచ్చెతందుకే. "మరకున్నా మెత్తగున్నది, కట్టుకో" అన్నడు. ఇద్దరం నవ్వినం. కీమో మొదలైనంక నవ్వుడు గదే మొదటిసారి.

ఊరికి ఫోన్‌ల మాత్రం ఇంకా నడుం నొప్పే నడుస్తున్నది. "ఇంకా తగ్గలేదా నడుం?" అని మా అత్తమ్మ అడుగుతే, "జర జర తగ్గుతున్నది" అనేటోడు. నేను ఇంకేం అనలే. ఒక మనిషికి ఒకేసారి ఎన్ని నేర్పుతం?

2022, చలికాలం

ఏడాది దాటింది. ఎంట్రుకలు మల్ల వచ్చినయి, జర ఉంగరాలు ఉంగరాలుగ వచ్చినయి. గోలి నడుస్తున్నది. పరీక్షకు పోయినం. అన్నీ మంచిగనే ఉన్నయి అన్నది డాక్టర్ బెన్. ఇప్పటికి అని కూడా అన్నది. ఆ 'ఇప్పటికి' అనే మాట నాకు అలవాటైంది. అందరి బతుకులూ ఇప్పటికే, మాకు డాక్టర్ చెప్తది, మీకు చెప్పేటోళ్లు లేరు, అంతే తేడా.

ఆమె కంప్యూటర్‌ల ఒక బొమ్మ చూపించింది. ఆ పరిశోధన వాళ్లు పంపినదట. నిండ చిన్న చిన్న గళ్లు. ఎర్రవి, పచ్చవి, కొన్ని నల్లవి. మా ఆయన కండ్లద్దాలు పెట్టుకొని దగ్గరికి వంగిండు. "ఇది డిజైన్ కాయితం గదా మేడమ్! జాకార్డు అట్ట కొట్టే ముంగట గిట్లనే గళ్ల కాయితం మీద గీస్తరు" అన్నడు. ఆమె నవ్వింది. నిలువుకు ఒక్కో వరుస ఒక్కో ఆడామెదట. అడ్డం ఒక్కో వరుస ఒక్కో జీన్‌దట. లేచినవి ఎరుపు, పండుకున్నవి పచ్చ. ఎవరికి ఏ మందు పనిచేసింది, ఎవరికి మల్ల వచ్చింది అనేది ఈ గళ్లల్ల ఎతుకుతున్నరట.

"దీంట్ల మా ఇంటామె ఏది?" అన్నడు ఆయన.

"పేర్లు ఉండయి భాయ్. నాకు కూడా తెల్వది" అన్నది.

నేను ఆ గళ్లను చూసుకుంటనే కూసున్న. ఎవ్వలో తెల్వని ఆడోళ్లు, నా పక్కన వరుసగ నిలవడ్డరు. పరీక్షల నాడు బెంచి మీద ఒకటి ఇడిసి ఒకటి కూసున్నం గదా, ఇక్కడ సందు లేకుండ కూసున్నం. మనసు నిండింది, నిజంగ.

మిగిలిన ముక్క ఇంకో పరిశోధనకు ఇస్తవా, ఇయ్యకున్నా మంచిదే, నీ ఇష్టం అన్నది డాక్టర్ బెన్. నేను సంతకం పెట్టిన. తెలుగులనే పెట్టిన.

ఆ ముక్క పంపే చీటీ పట్టుకొని ల్యాబు కిటికీ కాడికి పోయినం. అదే ముసలి కాకా. కరోనా వచ్చి తగ్గిందట, మనిషి సగం అయిండు. మా ఎనక ఏడెనిమిది మంది లైన్ల ఉన్నరు, అండ్ల మన తెలుగోళ్లు ఇద్దరు, సూరత్‌లనే భేస్తాన్ దిక్కు మగ్గాలల్ల పనిచేసేటోళ్లు, మా ఆయనకు ముఖపరిచయం ఉన్నోళ్లే. కాకా డబ్బా తీసి, చీటీ చూసి, ఆ నంబరున్న బిళ్ల చేతిల పట్టుకొని మొకం అదోలా పెట్టిండు. "ఇది మొత్తం గుంటలు పడ్డది భాయ్, మిగిలింది జరంతనే. ఇంకో మంచిది ఉన్నది, అడిగి అది రాయించుకొస్తవా?" అన్నడు.

మా ఆయన కిటికీల చెయ్యి పెట్టి ఆ గుంట పడ్డ బిళ్ల తీస్కున్నడు. ఎలుతురుకు పెట్టి చూసిండు, బట్ట తాను చూసినట్టే. నల్ల సిరా మరక, మధ్యల గుంట, అంచున మిగిలిన గోరంత తునక. లైన్ల ఉన్నోళ్లందరికీ ఇనవడేటట్టు అన్నడు.

"మంచిది తీస్కపోయి వాళ్లేం చేస్కుంటరు కాకా? మా విజయకు వచ్చిన క్యాన్సర్ దీంట్లనే ఉన్నది. ఇదే పంపు."

భేస్తానోళ్లు ఇద్దరూ తిరిగి మా దిక్కు చూసిన్రు. ఆయన తల దించలే. బిళ్లను రెండు చేతులతోని కాకాకు ఇచ్చి, ఫోన్ తీసి, ఊరికి, వాళ్లమ్మకు కలిపిండు.